పాత గోవాలో కూలిన చర్చిల పటం: ఇప్పటిదాకా అయిన పని

బేస్ లేయర్ (అన్నిటికీ అడుగున ఉండే మూల పటం) కుదిరింది. క్యూజీఐఎస్ (కంప్యూటర్లో పటాలు గీసే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టును యూటీఎం అనే కొలత పద్ధతిలోని 43 ఉత్తర జోన్‌లో (కోడ్ ఈపీఎస్‌జీ 32643) పెట్టాం, కొలతలు నేరుగా మీటర్లలో వస్తాయి. శాటిలైట్ చిత్రం తెరవగానే గీతలు గీసేయకూడదు. ఆ చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. నిలిచి ఉన్న సే కెథెడ్రల్, బామ్ జీసస్, సెయింట్ కెజెటాన్ చర్చిల మూలలతో ముందు సరిచూసుకోవాలి. పైకప్పు అంచు కాకుండా గోడ అడుగు మూలనే పట్టుకోవాలి, ఎందుకంటే ఏటవాలు చిత్రంలో ఎత్తైన గోడ పైభాగం ఒరిగి కనిపిస్తుంది. వైస్రాయ్ ఆర్చ్‌ను కంట్రోల్ పాయింట్‌గా వాడలేదు, దాన్ని 1954లో మళ్లీ కట్టారు.

అందరూ ముందు అడిగేది 1596లో అచ్చయిన డచ్ యాత్రికుడు లిన్‌స్హోటెన్ పటం గురించే. అది పైనుంచి చూస్తున్నట్టు గీసిన బొమ్మ. ఏ వీధి పక్కన ఏది ఉందో దాన్నుంచి తీసుకోవచ్చు, కొలతలు మాత్రం తీసుకోకూడదు. ఆ బొమ్మను ఇప్పటి పటం మీద కూర్చోబెట్టడానికి థిన్ ప్లేట్ స్ప్లైన్ (బొమ్మను రబ్బరులా సాగదీసే పద్ధతి) పెడితే ప్రతి పాయింటూ అతికినట్టు కూర్చుంటుంది, ఎర్రర్ సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. మోసం అక్కడే ఉంది. పాయింట్ల మధ్య జాగా ఎంత సాగిపోయినా ఆ అంకెలో కనపడదు. అందుకే మొదట పాలినామియల్ 1తో (బొమ్మ మొత్తాన్నీ ఒకే తీరున జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) వేసి, ఏ పాయింట్ ఎంత తప్పుతోందో చూస్తున్నాం. రెండు మూడు పాయింట్లను కలపకుండా పరీక్షకు వదిలేస్తున్నాం.

ఇప్పటికి ఎక్కువ వివరాలు ఎక్కింది సెయింట్ అగస్టీన్ చర్చికే. కట్టుబడి 1597లో మొదలై 1602లో ముగిసింది కాబట్టి లిన్‌స్హోటెన్ బొమ్మలోంచి దీని రూపురేఖ తీయడం కుదరదు. పాలిగాన్‌ను (చర్చి నేల చుట్టూ గీసే గీతను) తవ్వకాల్లో బయటపడిన గోడల అడుగుల మీదే గీశాం. 'కూలిన ఏడాది' అని ఒక్క గడి పెడితే ఈ చర్చికి చాలదు: 1835లో మఠం మూత, 1842లో కమాను కప్పు పతనం, 1931లో ముఖభాగంతో పాటు గోపురంలో సగం, 1938 నాటికి ఇంకొంత. అందుకని ఘటనలకు వేరే పట్టిక పెట్టి చర్చి ఐడీతో కలిపాం. దాదాపు 46 మీటర్ల గోపురంలో నేడు మిగిలిన ముక్కను చూస్తే కారణం అర్థమవుతుంది. లాటరైట్ రాయికి సున్నం పూతే రక్ష. కప్పు పోయాక వాన లోపలినుంచి గోడలోకి దిగుతుంది, పూత రాలుతుంది, రాయి చిల్లులు పడి మెత్తబడుతుంది, ఆ చిల్లుల్లో వేళ్లు దిగుతాయి. 1950ల్లో పూత తీసేసిన బామ్ జీసస్ గోడల మీద ఈ అరుగుదల తొలిదశ చేత్తో తడిమి చూడొచ్చు. ఆ పూత తీయకుండా ఉండాల్సింది.

తరలిపోయిన వాటికి ఇంకో లేయర్. అగస్టీన్ గంట 1871 నుంచి పణజీలోని ఇమాక్యులేట్ కన్సెప్షన్ చర్చిలో ఉంది. శిథిలాల్లో దొరికిన ఎముక జార్జియా రాణి కెతెవాన్‌దేనన్న వాదనను బలపరిచే డీఎన్ఏ ఫలితం 2013లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి వచ్చింది. 2021లో భారత్ ఆ అవశేషంలో ఒక భాగాన్ని జార్జియాకు ఇచ్చేసింది. చర్చి లోపల ఏది ఎక్కడుందో చెప్పే పాత రాతల్లో 'ఎపిస్టల్ వైపు' అని ఉంటే బలిపీఠానికి ఎదురుగా నిలబడినప్పుడు కుడివైపని రాసుకోవాలి. తారుమారైతే చాపెళ్లన్నీ (చర్చి లోపలి చిన్న ప్రార్థన గదులు) ఎదుటి గోడకు పోతాయి.

సెయింట్ పాల్ కాలేజీ చర్చికి ముఖద్వారపు కమాను ఒక్కటే మిగిలింది. అక్కడ పాలిగాన్ గీయలేదు. కమాను అడుగు గీత మాత్రం వేసి, మిగతా చర్చి ఆకారం తెలియదు కాబట్టి నమ్మకం గడిలో 'సి' పెట్టాం. నేలమీద కనిపించే గోడకు 'ఎ', కొలతలున్న పాత ప్లానుకు 'బి'. సే కెథెడ్రల్‌ను కూడా చేర్చాం, 1776లో దాని రెండు గోపురాల్లో ఒకటి పడిపోయింది.

మిగిలినవి కార్మలైట్, డొమినికన్ స్థలాలు. చెట్ల కింద ఫోన్ జీపీఎస్ గెంతుతుంది, కాబట్టి ఒక్కో మూల దగ్గర కదలకుండా కొన్ని నిమిషాలు రికార్డు చేసి సగటు తీయాలి. ఆరుబయట కనిపించే ఒక మూల నుంచి టేపుతో కూడా కొలవాలి. వానాకాలంలో మొక్కలు గోడల అడుగులను కప్పేస్తాయి, వేసవి చివరే ఈ పనికి అనువు.