ఆక్సీకరణమా క్షయకరణమా: ఎలక్ట్రాన్లు ఏ వైపు ఉన్నాయో చూడండి

అర్ధ సమీకరణం (చర్యలో ఎలక్ట్రాన్లు వదిలే సగాన్నో, తీసుకునే సగాన్నో విడిగా రాసినది) కనబడగానే చాలామంది ముందు ఆక్సిజన్ కోసం వెతుకుతారు. ఆక్సిజన్ చేరితే ఆక్సీకరణం, పోతే క్షయకరణం అని చిన్న క్లాసుల్లో నేర్చుకున్నది బుర్రలో అలాగే ఉండిపోతుంది. క్లోరైడ్ అయాన్లు క్లోరిన్ వాయువుగా మారే చోట అసలు ఆక్సిజనే లేదు, మరి అక్కడేం చూస్తారు?

ఎలక్ట్రాన్లు బాణానికి ఏ వైపు ఉన్నాయో చూడండి. కుడివైపు ఉంటే పదార్థం వాటిని వదిలేసింది, అది ఆక్సీకరణం. ఎడమవైపు ఉంటే తీసుకుంటోంది, అది క్షయకరణం.

జింక్ → జింక్ 2+ అయాన్ + 2 ఎలక్ట్రాన్లు
కాపర్ 2+ అయాన్ + 2 ఎలక్ట్రాన్లు → కాపర్

పైది ఆక్సీకరణం, కిందిది క్షయకరణం. రెండూ కలిస్తే డేనియల్ సెల్ అనే జింక్-కాపర్ బ్యాటరీ, ప్రమాణ స్థితిలో 1.10 వోల్టులు. ఇక్కడ ఒక జాగ్రత్త: పట్టికలో ప్రమాణ పొటెన్షియల్స్ (ఎలక్ట్రాన్లు తీసుకునే మొగ్గును వోల్టుల్లో చెప్పే విలువలు) అన్నిటినీ క్షయకరణం దిశలోనే రాస్తారు, కాబట్టి జింక్ పక్కన −0.76 వోల్టులు, ఎడమవైపు ఎలక్ట్రాన్లు కనిపించినంత మాత్రాన సెల్‌లో జింక్ క్షయకరణం చెందుతోందని రాసేయకండి.

ఎలక్ట్రాన్లు ఇవ్వకుండా ప్రశ్న ఇస్తే టెన్షన్ పడక్కర్లేదు, ఆవేశాలు లెక్కపెట్టండి. ఆమ్ల ద్రావణంలో ఒక పర్మాంగనేట్ అయాన్, 8 హైడ్రోజన్ అయాన్లు కలిసి ఒక మాంగనీస్ 2+ అయాన్, 4 నీటి అణువులు అవుతాయి. ఎడమవైపు మొత్తం +7, కుడివైపు +2. సరిపోవాలంటే ఎడమవైపే 5 ఎలక్ట్రాన్లు చేర్చాలి, అంతే, క్షయకరణం అని తేలిపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మాత్రం లెడ్ యాసిడ్ బ్యాటరీ. అది కరెంటు ఇస్తున్నప్పుడు రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేటే తయారవుతుంది, అందుకే ఉత్పన్నాన్ని మాత్రమే చూసేవాళ్లు ఇక్కడ కచ్చితంగా తికమకపడతారు. నెగటివ్ ప్లేటు దగ్గర లెడ్, సల్ఫేట్ అయాన్‌తో కలిసి లెడ్ సల్ఫేట్ అవుతూ 2 ఎలక్ట్రాన్లు వదులుతుంది. పాజిటివ్ ప్లేటు దగ్గర లెడ్ డయాక్సైడ్, 4 హైడ్రోజన్ అయాన్లు, ఒక సల్ఫేట్ అయాన్, 2 ఎలక్ట్రాన్లు కలిసి అదే లెడ్ సల్ఫేట్‌నీ, నీటినీ ఇస్తాయి. లెడ్ ఆక్సీకరణ సంఖ్య (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు వదిలినట్టు లెక్కో చెప్పేది) ఒకచోట 0 నుంచి +2కి పెరిగింది, రెండోచోట +4 నుంచి +2కి తగ్గింది.

ఛార్జింగ్ పెడితే రెండు సమీకరణాలూ తిరగబడతాయి. అప్పుడు పాజిటివ్ ప్లేటు దగ్గరే ఆక్సీకరణం జరుగుతుంది, అంటే ఇంతవరకూ కాథోడ్‌గా ఉన్నదే ఆనోడ్ అవుతుంది (క్షయకరణం జరిగేది కాథోడ్, ఆక్సీకరణం జరిగేది ఆనోడ్). ఆనోడ్ అంటే ఎప్పుడూ నెగటివ్ అని గుర్తుపెట్టుకున్నవాళ్లు తప్పు రాసేది ఇక్కడే. ఆనోడ్ గుర్తు మారొచ్చు గానీ దాని దగ్గర జరిగేది మాత్రం ఎప్పుడూ ఆక్సీకరణమే.