జపాన్ లేతుకు మిర్యాలగూడ కరెంటు

మిర్యాలగూడ రైసు మిల్లులకు షాఫ్టులు, బుష్షులు చేసిచ్చే వర్క్‌షాపు మాది. పోయిన ఏడాది సెకండ్‌హ్యాండ్ జపాన్ సీఎన్‌సీ లేతు (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని తిప్పి చెక్కే యంత్రం) దిగుమతి చేసుకున్నాం. వెనక తలుపు మీది పలకపై 200/220 వోల్టులు, మూడు ఫేజులు, 50/60 హెర్ట్‌జ్, 18 కేవీఏ (యంత్రం లాగే విద్యుత్తు కొలత) అని ఉంది. మన లైనులో వచ్చేది 415. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలని అందరూ చెప్పారు. ఏది పెట్టాలో అడిగితే మాత్రం తలా ఒక మాట.

హైదరాబాద్‌లో ఒక తయారీదారు "ఆటో ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి సార్, ధర బాగా తగ్గుతుంది" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. 415ను 200కు దించే ఆటోలో ఇనుము, రాగి దాదాపు సగంతో సరిపోతాయి. కానీ రెండు వైపులకూ వైండింగ్ ఒకటే. కింది భాగం ఎక్కడైనా తెగితే పై వోల్టేజీ నేరుగా యంత్రం మోటార్లను నడిపే సర్వో డ్రైవుల మీద పడుతుంది. ఆ డ్రైవు ఒక్కటి కాలితే ట్రాన్స్‌ఫార్మర్ మీద మిగిలిన డబ్బు ఏ మూలకు? అందుకే రెండు వైండింగులూ విడివిడిగా ఉండే ఐసొలేషన్ రకమే అడిగాను. ప్రైమరీ (లైను వైపు) డెల్టా కనెక్షన్, సెకండరీ (యంత్రం వైపు) స్టార్ కనెక్షన్, న్యూట్రల్‌కు ఎర్తు. అప్పుడు ఏ ఫేజుకైనా భూమితో ఉండే వోల్టేజీ 115 చుట్టూ నిలుస్తుంది.

కెపాసిటీ లెక్క తేలికే. 18 కేవీఏ అంటే 200 వోల్టుల దగ్గర 52 ఆంపియర్లు. అయినా 25 కేవీఏ తీసుకున్నాను. స్పిండిల్ ఒక్కసారిగా వేగం అందుకునేటప్పుడు లోడు ఎగబాకుతుంది. పైగా డ్రై టైపు (నూనె లేకుండా గాలితోనే చల్లబడే) ట్రాన్స్‌ఫార్మర్‌ను మామూలుగా 40 డిగ్రీల గాలి వేడికి లెక్కగట్టి చేస్తారు. నల్గొండ మే నెల ఆ లెక్కలో ఇమడదు. రాగి వైండింగ్, ఎక్కువ వేడిని తట్టుకునే హెచ్ క్లాసు ఇన్సులేషన్ అని ఆర్డరులోనే రాయించాను.

నేను ఎక్కువగా బుర్ర పెట్టింది ట్యాపుల మీద, అంటే లైను వోల్టేజీకి తగ్గట్టు ప్రైమరీ వైండింగ్ నుంచి ఎంచుకునే తీగ కొసల మీద. నాట్ల కాలంలో బోర్లన్నీ ఒకేసారి నడుస్తుంటే మా మీటరులో 385 కనిపిస్తుంది. అర్ధరాత్రి 440. అందరూ వోల్టేజీని నిలకడగా ఉంచే సర్వో స్టెబిలైజర్ కొనమన్నారు. కాగితం మీద లెక్కేసి చూశాను. 400 ట్యాపు మీద పెడితే 385కు సెకండరీలో 192, 440కి 220 వస్తాయి. లోడులో నాలుగు శాతం పడిపోయినా 184కు తగ్గదు. యంత్రం మాన్యువల్ పది శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. స్టెబిలైజర్ అక్కర్లేదని తేలిపోయింది.

మొదటిసారి స్విచ్ వేయగానే బ్రేకర్ ఎగిరిపోయింది. మా ఎలక్ట్రీషియన్ షార్టు అనుకుని కేబుళ్లన్నీ విప్పబోయాడు. లోడు లేకుండానే ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసిన క్షణంలో మామూలుకు పది రెట్ల కరెంటు లాగుతుంది. సి రకం బ్రేకర్ దానికి ఆగదు. ఆ తొలి కుదుపును తట్టుకునే డి రకం వేశాక నిలబడింది. తర్వాత హైడ్రాలిక్ పంపు తిరుగుతున్నా గేజి ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. మోటారు మీద బాణం ఎడమకు, ఫ్యాను కుడికి. రెండు ఫేజులు మార్చగానే ముల్లు లేచింది.

పక్క మిల్లు యజమాని వచ్చి చూసి, తనకూ అలాంటిదే కావాలన్నారు. తైవాన్ బ్లోయర్ తెప్పించారట. పలక ఫోటో పంపమన్నాను. 220 వోల్టులు, 60 హెర్ట్‌జ్ అని మాత్రమే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది కానీ హెర్ట్‌జ్‌ను కదపలేదు. మన 50 మీద ఆ మోటారు ఆరో వంతు వేగం కోల్పోతుంది, 220 వోల్టులే ఇస్తే వేడెక్కుతుంది కూడా. "ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత హెర్ట్‌జ్‌ను మార్చే వీఎఫ్‌డీ కూడా పెట్టాలండీ" అన్నాను. ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌కు అడ్వాన్సు అప్పటికే ఇచ్చేశారట.