ఎంతసేపు కూర్చోవాలి?

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. 13.75 అడుగులు దాటిందట. ఈ సంగతి నాకు టీవీలో చూస్తే తెలియలేదు. తెల్లవారుజామున, నోట్లో బ్రష్షు పెట్టుకునే మా ఆయన చెప్పారు.

గోదావరికి వరదొస్తే మా ఇంటికి మాటలొస్తాయి. మామూలు రోజుల్లో అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునే మనిషి, వరద రోజుల్లో వినేవాళ్ళున్నా లేకపోయినా చెబుతూనే ఉంటారు. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75. ఏ మట్టానికి ఏ హెచ్చరిక, ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే ఏ లంకకి దారి తెగుతుంది, అన్నీ నోటికి వచ్చు. 2022 జులైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పది రోజులు నిద్రే లేదు ఆయనకి. ఇక 1986 ఆగస్టు సంగతి ఎత్తితే మొహం వెలిగిపోతుంది. 35 లక్షల క్యూసెక్కులు! అప్పటికి చిన్నపిల్లాడు. రేడియోలో చెప్పిన మట్టాలన్నీ నోటుబుక్కులో రాసుకున్నారట. మా పెళ్ళి ఆల్బం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు గానీ ఆ పుస్తకం ఏ అరలో ఏ సంచీలో ఉందో మా అమ్మాయికి కూడా తెలుసు.

రెండు ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. ఏ ఊళ్ళో ఉన్నా, ఏ పండగైనా, పొద్దున్న టిఫిన్ అదే. కొబ్బరి పచ్చడి ముట్టుకోరు. తురుము పంటి కింద పడితే ఒళ్ళు జలదరిస్తుందట. కోనసీమలో పుట్టి, అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తూ, కొబ్బరి పచ్చడి తినని మనిషిని నేనింకెక్కడా చూడలేదు. పనసపొట్టు కూర కూడా అంతే. పెళ్ళైన కొత్తలో మా అమ్మ ఆవ పెట్టి ఎంతో ప్రేమగా చేసి వడ్డిస్తే, "ఇది నాకు పీచులా ఉంటుందండి, వద్దు" అని విస్తరి పక్కకి జరిపారు. ఆ మాటని అమ్మ చాలా ఏళ్ళు మోసింది.

ఇడ్లీ తింటుండగా అక్క ఫోన్ చేసింది. వాళ్ళది పి.గన్నవరం దగ్గర లంక. గొంతు వణుకుతోంది. "నీళ్ళు పెరిగిపోతున్నాయే, రాత్రికి వాకిట్లోకి వచ్చేస్తాయేమో, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అంటోంది. స్పీకర్‌లో పెట్టాను. ఆయన తల ఎత్తకుండానే, "మూడో హెచ్చరిక దాకా మీ వాకిట్లోకి రావు వదినగారూ. కాజ్‌వే మాత్రం సాయంత్రానికి మునుగుతుంది" అన్నారు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

"భయమేస్తోందే అంటే లెక్కలు చెబుతాడేంటే మా మరిది!" అంది అక్క.

నిజానికి ఆయన అక్కకి ధైర్యం చెప్పారు. ఆయనకి తెలిసిన ధైర్యం అదే. ఇది అక్కకి చెప్పబోయి ఊరుకున్నాను. ఒక్కోసారి నాకు కూడా ఆ లెక్కలు వద్దనిపిస్తుంది. "అయ్యో, అలాగా" అనే ఒక్క మాట చాలనిపిస్తుంది.

ఆటిజం అనే మాట ఆయన విషయంలో నాకు మొదట తట్టింది మా మండలంలోని భవిత కేంద్రంలో. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసం సమగ్ర శిక్ష కింద నడిచే కేంద్రం. మా క్లాసు పిల్లాణ్ణి ఒకణ్ణి తీసుకెళ్ళాను. అక్కడి టీచరు నన్ను అడుగుతోంది: మిక్సీ, కుక్కర్ విజిల్ వినిపిస్తే చెవులు మూసుకుంటాడా? రోజూ వెళ్ళే దారి మారిస్తే గొడవ చేస్తాడా? వేళాకోళం చేస్తే అది నిజమనుకుంటాడా? ఒకే సంగతి గంటల తరబడి చెబుతాడా? నేను పిల్లాడి గురించి జవాబులు చెబుతున్నాను గానీ కళ్ళ ముందు కనిపిస్తున్నది వాడు కాదు.

ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాశాడు. మరుసటేడు వియన్నా నుంచి హాన్స్ ఆస్పెర్గర్ రాశాడు. మాటలు బాగా వచ్చి, చదువుకుని, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళని ఆస్పెర్గర్ పేరుతో కొన్నాళ్ళు విడిగా లెక్కపెట్టారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 అన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్ కింద కలిపేసింది. చప్పుళ్ళు, వాసనలు, పంటికింద పడేవి భరించలేకపోవడాన్ని లక్షణాల్లో చేర్చింది కూడా అప్పుడే. మా ఆయన కోనసీమలో కొబ్బరితోటల మధ్య పుట్టింది 1970ల చివర్లో. అప్పుడు ఊళ్ళో ఇలాంటి పిల్లలకి పేర్లు లేకపోలేదు: ముంగి, మొండి, తిక్కశంకరయ్య, పెద్దయ్యాక పొగరుబోతు.

మా అత్తయ్యగారికి నేను ఆటిజం అని చెప్పలేదు, కానీ చిన్నప్పటి సంగతులు అడుగుతుంటాను. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళారట. గంగలకుర్రు ప్రభలు, అదే దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ఎత్తైన వెదురు కట్టడాలు, కౌశిక నీళ్ళలో దిగి వస్తుంటే ఒడ్డున జనం ఊగిపోతారు కదా. బాణసంచా, డప్పులు, కేకలు. ఈయన ఎవరిదో ఎడ్లబండి కింద దూరి, చెవులు మూసుకుని, చీకటి పడేదాకా బయటికి రాలేదట. మావయ్యగారు లాగి రెండు తగిలించారట. "మొగపిల్లాడికి అంత పిరికితనం ఏంటని మీ మావయ్య బాధ" అన్నారు అత్తయ్యగారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

డాక్టర్ దగ్గరకి వెళ్ళాలా అన్నది ఇంకా తేలలేదు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఆటిజం ఎంతుందో చూడటానికి తయారుచేసిన ఐఎస్ఏఏ కొలమానం ఉంది, నలభై అంశాలు. చదివితే ఎక్కువగా చిన్నపిల్లల్ని ఎదురుగా పెట్టుకుని రాసినట్టనిపించింది. ఆటిజం లక్షణాలు ఎంతున్నాయో చూసుకోవడానికి కేంబ్రిడ్జి వాళ్ళు 2001లో చేసిన ఏక్యూ ప్రశ్నలు యాభై. అవి పెద్దవాళ్ళకే. కానీ ఎవరిది వాళ్ళే నింపుకోవాలి. ఆయన బదులు నేను నింపితే పిల్లాడి పరీక్ష టీచరు రాసినట్టుంటుంది. పైగా అది అనుమానం వరకే చెబుతుంది. తేల్చాల్సింది డాక్టరు, అదీ చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళని కూడా అడిగి. ఆందోళన వల్ల, ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా వెంటాడే ఓసీడీ వల్ల కూడా కొన్ని లక్షణాలు ఇలాగే కనిపిస్తాయట. ఏదీ కాక స్వభావమే అలాంటిదీ కావచ్చు. అందుకే నా డైరీలోనైనా సరే "ఉండొచ్చు" అనే రాసుకుంటున్నాను.

"కాకినాడ వెళ్ళి ఒకసారి చూపించుకుందామా?" అని అడిగాను ఆ మధ్య.

"దానికి మందుందా?"

"ఆటిజానికైతే లేదండి."

"మరి ఎందుకు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఒక వ్యాసం ప్రింటు తీసి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత తిరిగిచ్చారు. అక్షరదోషాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే ఏ ఒక్కరి మాటా అర్థం కాదు అన్న వాక్యం పక్కన మాత్రం టిక్కు పెట్టారు. ఆ టిక్కు గురించి ఆయన మాట్లాడలేదు, నేనూ అడగలేదు. అప్పటి నుంచి నేనూ పాపా ఒకేసారి ఆయనతో మాట్లాడటం మానేశాం.

ఇలా మారినవి ఇంకా ఉన్నాయి. చుట్టాలొస్తుంటే ముందురోజే క్యాలెండర్ మీద రాస్తాను: ఎవరు, ఎంతమంది, ఎప్పుడు వెళ్తారు. పెళ్ళిళ్ళకి వెళ్తే అక్షింతలు వేసి, భోజనం చేసి, ఆయన వచ్చేస్తారు. నేను మైకు మూగబోయేదాకా ఉండి ఆటోలో వస్తాను. "మీ ఆయన ఏరీ?" అని అడిగితే "ఇంటికెళ్ళారు" అంటాను. ఇదివరకు దీనికి కథలు అల్లేదాన్ని, కడుపునొప్పి అనీ, కొట్లో లోడు దిగుతోందనీ. ఆయనేమో అబద్ధం ఆడలేరు. కొట్టుకొచ్చిన బేరగాడితో "ఇవి పాత కాయలండి, కొత్తవి రేపొస్తాయి" అని చెప్పి ఓనరు చేత తిట్లు తిన్నారు. అదే ఓనరు గల్లాపెట్టె తాళం మాత్రం ఈయనకి తప్ప ఇంకెవరికీ ఇవ్వడు.

అన్నీ సర్దుకుపోవాలా అంటే, వద్దు. పోయిన నెల పాప పట్టీలు పెట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే ఆయన అరిచిన అరుపుకి పిల్ల బెదిరిపోయింది. ఆ చప్పుడు ఆయన చెవిలో ఎలా మోగుతుందో ఊహించగలను. కానీ పిల్లకేం తెలుసు? ఆ రాత్రి ఆయనకి గట్టిగానే చెప్పాను: భరించలేకపోతే పెరట్లోకి వెళ్ళండి, తలుపేసుకోండి, చెవుల్లో దూది పెట్టుకోండి, పిల్ల మీద అరవడం మాత్రం కుదరదు. ఆయనకి ఏమున్నా లేకపోయినా ఇది ఇంతే. పొద్దున్నే ఆయన పాప దగ్గరకెళ్ళి, "పట్టీలు సాయంత్రం ఆరు దాటాక వద్దు, పగలు పెట్టుకో" అన్నారు. సారీ చెప్పడం అయ్యుంటుంది. పాప అలాగే అనుకుంది.

డేమియన్ మిల్టన్ అని బ్రిటన్ ఆయన, తనకీ ఆటిజం ఉంది, 2012లో ఒక మాట రాశాడు. ఆటిజం ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళు అర్థం కాకపోవడం ఎంతో, మిగతావాళ్ళకి వాళ్ళు అర్థం కాకపోవడమూ అంతే అని. ఇది ఒప్పుకుంటాను. మా అక్క ఫోనే సాక్ష్యం. కాకపోతే ఆ మధ్యలో దూరాన్ని మా ఇంట్లో రోజూ నడిచేది ఎక్కువగా నేను. ఈయనకి అత్తయ్యగారి మాట, అత్తయ్యగారికి ఈయన మాట, బంధువులకి ఇద్దరివీ చెప్పి చెప్పి సాయంత్రానికి నోరు పెగలదు. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు నా ఫ్రెండ్ ఇంటికి వెళ్తున్నాను. అక్కడ టీ తాగుతూ నేను సగం చెప్పిన మాట తను పూర్తి చేస్తుంది. వారానికి సరిపడా అక్కడ మాట్లాడుకుని వస్తాను.

ఈ సాయంత్రం అమ్మ బాగా గుర్తొచ్చింది. ఎల్లుండి ఆవిడ తిథి. అన్నయ్య బ్రాహ్మడికి చెప్పాడా లేదా అని ఫోన్ చేసి పెట్టేశాక ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని ఫోన్‌లో ఔట్‌ఫ్లో చూసుకుంటున్నారు. ఇదివరకైతే అలాగే చూస్తూ ఉండేదాన్ని, గమనిస్తారా లేదా అని. గమనించకపోతే వంటింట్లో గిన్నెలు మోగేవి. ఆ మోతకి ఆయన బయటికి పోయేవారు. అదింకో గొడవ.

"ఏమండీ, అమ్మ గుర్తొచ్చి బాధగా ఉంది. కాసేపు నా పక్కన కూర్చోండి. ఏం చెప్పక్కర్లేదు" అన్నాను.

"ఎంతసేపు కూర్చోవాలి?" అన్నారు.

వెటకారం కాదది. ఆయనకి వెటకారం రాదు. "పది నిమిషాలు" అన్నాను. ఫోన్ బోర్లా పెట్టి వచ్చి కూర్చున్నారు. భుజం మీద చెయ్యి వెయ్యలేదు, నేను ఆయన భుజానికి తల ఆనిస్తే కదల్లేదు. పది నిమిషాలయ్యాక వాచీ చూసుకుని, "ఇంకా కావాలా?" అని అడిగారు. అడక్కుండా లేచిపోతారనుకున్నాను. "చాలు" అన్నాను, చాలింది కూడా. అడిగి తీసుకున్నదానికి విలువ తక్కువని మా ఊళ్ళో పెద్దవాళ్ళు అంటుంటారు. అడక్కుండా వచ్చేదాని కోసం ఎన్నేళ్ళయినా కూర్చోమనే వాళ్ళకి నేనేం చెప్పను.

ఎనిమిదింటికి అక్క మళ్ళీ చేసింది. కాజ్‌వే మునిగింది, సాయంత్రానికే, ఆయన చెప్పినట్టే. రేపు పొద్దున్న పడవలో ఇవతలకి వచ్చేస్తారట, అక్క, బావగారు, చిన్నాడు. నీళ్ళు తీసేదాకా మా ఇంట్లోనే.

ఫోన్ పెట్టకుండానే ఆయనకి చెప్పాను. ముగ్గురు, మూడు నాలుగు రోజులు. ఒక నిమిషం ఆలోచించి, "నా గది నాకు ఉండాలి. తొమ్మిది తర్వాత టీవీ వద్దు. ఏ మంచం ఎవరికో ఇప్పుడే చెప్పు" అన్నారు. చెప్పాను. కాగితం మీద రాసుకున్నారు. ఆ తర్వాత ఆయనంతట ఆయనే, "పడవ ఏ రేవుకొస్తుందో అడుగు, బండి తీసుకుని నేనే వెళ్తాను. ఆరింటికల్లా అక్కడుంటాను" అన్నారు.

ఇక టీవీ సంగతి అక్కకి చెప్పాలి. వరదలో ఇల్లు వదిలి వచ్చేవాళ్ళకి షరతు పెట్టినట్టు ఉండకూడదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక తిన్నగానే చెప్పేశాను, "ఆయనకి చప్పుడు పడదక్కా. అలవాటు కాదు, పొగరు అంతకన్నా కాదు. నిజంగానే పడదు. తొమ్మిది దాటాక టీవీ కట్టేద్దాం, ఏమీ అనుకోకు."

అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "నేనేం అనుకోను గానీ, మీ బావగారికి టీవీ మోగకపోతే నిద్రపట్టదే. ఆయన్ని ఎక్కడ పడుకోబెడతావో చూసుకో."