కుండీలో పొట్టి వెదురు: కిటుకంతా పొర ఒలవడంలోనే

మహారాష్ట్రలోని సిరొంచ అడవిలోని వెదురు దుబ్బును తవ్వి తెచ్చి కుండీలో పెట్టకండి, అది పొడవు పెరిగే రకం. పొట్టి పెంపకానికి బుద్ధ బెల్లీ వెదురు మేలు. గాజు గ్లాసులో అమ్మే లక్కీ బాంబూ అసలు వెదురే కాదు, డ్రసీనా అనే వేరే మొక్క.

12 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతున్న కుండీ చాలు, అడుగున కన్నాలుండాలి. ఎర్రమట్టి 2 పాళ్లు, గోదావరి ఇసుక 1 పాలు, బాగా చివికిన పశువుల ఎరువు 1 పాలు.

వెదురు గడ లావు నేలలోంచి వచ్చేటప్పుడే ఖాయం. ఆ తర్వాత సాగేది పొడవే. అందుకే వానాకాలంలో కొత్త కొమ్ము (మొలక) నాలుగంగుళాలు రాగానే, దాన్ని చుట్టి ఉన్న పొరల్లో అన్నిటికన్నా కిందిదాన్ని వేలితో మెల్లగా ఒలవాలి. పొర పోయిన చోట సాగడం తగ్గి, కణుపులు దగ్గరపడతాయి. మర్నాడు దానిపై పొర. తొందరపడి ఒకేసారి మూడు నాలుగు ఒలిచారా, లేత గడ విరుగుతుంది. ఆలస్యం చేస్తే అక్కడి గడ అప్పటికే సాగిపోయి ఉంటుంది, ఇక చేసేదేమీ లేదు. కావలసిన ఎత్తు రాగానే కణుపు పైన కొన తుంచేయండి.

మే ఎండకు లోతు తక్కువ కుండీ మధ్యాహ్నానికే ఆరిపోతుంది. ఆకులు నిలువునా చుట్టుకుంటే దాహమేసినట్టే. రెండు పూటలా నీళ్లు, మధ్యాహ్నం నీడ ఇవ్వాలి. రెండేళ్లకోసారి తొలకరి వేళ వేళ్లలో మూడో వంతు కత్తిరించి మట్టి మార్చండి, లేకుంటే వేళ్లు కిక్కిరిసి మట్టికుండీ పగులుతుంది.