సెలవుకొచ్చి పాత కారు కొనే అన్నలకు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పనిచేస్తాను. కొనేవాళ్ళు డబ్బు ఇచ్చే ముందు పాత బండిని మా దగ్గరికి తెస్తారు. లిఫ్ట్ ఎక్కించి, కింద నుంచి పైదాకా చూసి, కొనొచ్చో వద్దో చెప్పడం నా పని. ఇల్లు హైదరాబాద్ ఉప్పల్‌లో. సెలవుకు వచ్చానని తెలియగానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "అన్నా, ఒక బండి చూసినం, ఒక్కసారి వచ్చి చెప్పు." అలా అడిగేవాళ్ళలో చాలామంది నాలాగే దుబాయ్ నుంచో, కువైట్ నుంచో, ఖతార్ నుంచో నెల, నెలన్నర సెలవు మీద వచ్చినవాళ్ళు. చెల్లెలి పెళ్ళి ఉంటుంది, నాన్నను ఆసుపత్రికి తిప్పాల్సి ఉంటుంది, చేతిలో కూడబెట్టిన డబ్బు ఉంటుంది, తిరుగు టికెట్ తేదీ ఖాయమై ఉంటుంది.

అమ్మేవాడు చాయ్ తెప్పించి మొదట అడిగేది ఆ తేదీనే. "మళ్ళీ ఎప్పుడు పోతున్నరన్నా?" మర్యాదగా అడిగినట్టే ఉంటుంది. వచ్చే గురువారం అని చెప్పారంటే బేరం అక్కడే అయిపోయింది. మీకు ఇంకో బండి చూసే టైం లేదని అతనికి తెలిసిపోతుంది. అందుకే తేదీ చెప్పకండి. వీలైతే దిగిన మొదటి వారంలోనే వెతకడం మొదలుపెట్టండి, చివరి వారానికి వదిలేయకండి.

గల్ఫ్‌లో కొన్నేళ్ళు ఉన్నవాళ్ళకు ఇంకో అలవాటు కూడా ఉంటుంది. కాగితం సరిగ్గా ఉంటే బండి కూడా సరిగ్గా ఉన్నట్టే అనుకుంటారు. యూఏఈలో సొంత కారు మొదటి మూడేళ్ళు దాటిందంటే ఏటా పాసింగ్‌కు, అంటే బండి తనిఖీకి, వెళ్ళాలి. బ్రేకులు, టైర్లు, కింది భాగం అన్నీ చూస్తారు, ఫెయిలైతే ముల్కియా, అంటే అక్కడి ఆర్‌సీ, రెన్యువల్ కాదు. బండి చేతులు మారేటప్పుడు పాత ఫైన్లన్నీ కట్టాలి, కొనేవాడి పేరున ఇన్సూరెన్స్ ఉండాలి. అవి ఉంటే పనంతా ఒక్క చోటే, ఆ రోజే అయిపోతుంది. హైదరాబాద్‌లో అలా కాదు. ఇక్కడ సొంత కారుకు ఒకేసారి పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఆ పదిహేనేళ్ళలో పొల్యూషన్ సర్టిఫికెట్ తప్ప బండిని పట్టి చూసే తప్పనిసరి పరీక్ష ఏదీ లేదు. మీరు కొనబోయే పన్నెండేళ్ళ బండి బ్రేకులను ఇంతవరకు ఏ అధికారీ చూసి ఉండకపోవచ్చు. ఆ పరీక్ష మీరే చేయాలి, లేదా డబ్బిచ్చి మంచి మెకానిక్‌తో చేయించాలి. ఆ మెకానిక్ అమ్మేవాడు చూపించినవాడు కాకూడదు.

పెయింటు మెరుపును నమ్మొద్దని నా పని నాకు నేర్పింది. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు ఇక పనికిరాదని వదిలేసిన బండ్లను వేలంలో కొని, ఓడల్లో తెచ్చి, షార్జాలో బాగుచేసి అమ్మే వ్యాపారం పెద్దది. ముందు భాగం నుజ్జయిన కారు నెల తిరిగేసరికి షోరూం నుంచి దిగినట్టు అవుతుంది. ఆ డెంటర్ల పక్కనే కూర్చుని భోజనం చేస్తాను కాబట్టి, ఎక్కడ దాచిపెట్టడం కష్టమో కూడా తెలుసు. బానెట్ హింజ్ బోల్టులు, ఫెండర్ బోల్టుల మీద స్పానర్ పెట్టిన గుర్తు, పెయింటు పగిలిన గుర్తు ఉంటే ఆ భాగాన్ని విప్పారన్నట్టే. డోర్ తెరిచి రబ్బరు బీడింగ్ కొద్దిగా లాగి పిల్లర్, అంటే రూఫ్‌ను మోసే నిలువు స్తంభం, చూడండి. కంపెనీ వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఒకే దూరంలో, గుండ్రంగా ఉంటాయి. అక్కడ పుట్టీ గానీ, గరుకు వెల్డింగ్ గానీ కనిపిస్తే ఆ బండి వద్దు. ప్రతి అద్దం మూలన కంపెనీ పేరు, తయారీ కోడ్ ఉంటాయి. అన్నీ ఒక రకంగా ఉండి ఒక్కటే వేరుగా ఉంటే, ఆ వైపు ఏం జరిగిందో అడగాలి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. బంపర్‌కో డోర్‌కో మళ్ళీ పెయింట్ వేశారని మంచి బండిని వదులుకోకండి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్ళు తిరిగిన కారుకు గీతలు పడకుండా ఎలా ఉంటాయి? చూడాల్సింది పిల్లర్లు, రూఫ్, ఏప్రాన్ (ఇంజన్ పక్కల ఉండే లోపలి రేకు), ఛాసిస్. ఇవి చెడకుండా ఉంటే మిగతాదంతా డబ్బుతో సరిచేసుకోవచ్చు.

నన్ను ఎక్కువ భయపెట్టేవి నీళ్ళలో మునిగిన బండ్లు. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో 75 ఏళ్ళలో ఎన్నడూ లేనంత వాన పడింది. షార్జాలో కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. ఆ తర్వాత మా గ్యారేజీ ముందు వరుసగా బండ్లు నిలబడ్డాయి. సీట్లు విప్పి, కార్పెట్లు ఎండబెట్టి, లోపలంతా కడిగి సెంటు కొట్టాక ఏ బండి మునిగిందో, ఏది మునగలేదో చూపుతో చెప్పలేకపోయేవాళ్ళం. వాటి అసలు జబ్బు నెలల తర్వాత బయటపడింది. వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టి, ఒక రోజు పవర్ విండో, ఇంకో రోజు బ్రేకుల ఏబీఎస్, మరో రోజు స్టార్టింగే ఆగిపోయేవి.

హైదరాబాద్‌కు కూడా అలాంటి రోజు ఉంది. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు పాతబస్తీలో కార్లు కొట్టుకుపోయాయి, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఉన్నవి ఉన్నచోటే మునిగాయి. ఇప్పుడు అమ్మకానికి వచ్చే పాత బండ్లలో అవి కూడా ఉంటాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. అడుగు భాగంలో బురద చార ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఎందుకంటే బెల్టు చివరిదాకా కడగాలని ఎవరికీ తోచదు. సీటు కింది పట్టాల బోల్టులు, స్టెప్నీ పెట్టే గుంట, డ్యాష్‌బోర్డు కింద చేయి పెడితే తగిలే ఇనుప పట్టీలు తుప్పు పట్టాయేమో టార్చ్ వేసి చూడండి. అద్దాలు ఎక్కించి ఏసీ వేసి కాసేపు కూర్చోండి, తడి వాసన వస్తే దిగిపోండి. 2020 తర్వాతి ఇన్సూరెన్స్ పాలసీలు చూపించమని కూడా అడగండి. క్లెయిమ్ లేకుండా నడిచిన బండికి నో క్లెయిమ్ బోనస్ ఏటా పెరుగుతూ 50 శాతం దాకా వెళ్తుంది. అది మధ్యలో సున్నాకు పడితే ఎందుకు పడిందో అమ్మేవాడు చెప్పగలగాలి.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పొద్దున్నే వెళ్ళి ముందు బానెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే చైన్ మోత, నీలం పొగ బయటపడతాయి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్లటి దట్టమైన పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి వెళ్తోందని అనుమానించాలి. కూలెంట్ ట్యాంకులో తుప్పు నీళ్ళు కనిపిస్తే, ఆ ఓనరు ఏళ్ళుగా నల్లా నీళ్ళే పోశాడన్నట్టు.

తాళం తిప్పగానే మీటర్‌లో చెక్ ఇంజన్, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు వెలగాలి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటు తీసేశారని అర్థం. ఎయిర్‌బ్యాగ్ పేలిపోయి మళ్ళీ పెట్టించని బండ్లలో ఈ పని చేస్తారు. అది మీ పిల్లలు ఎక్కే బండి, కాబట్టి ఈ ఒక్క విషయంలో ఏ బేరానికీ లొంగొద్దు. 2013 తర్వాతి బండి అయితే మెకానిక్ స్కానర్ పెట్టి చూడొచ్చు. ఎర్రర్ కోడ్‌లు ఏమీ లేకుండా, రెడీనెస్ పరీక్షలు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునేవి) చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే, మీరు వచ్చే ముందే కోడ్‌లు చెరిపేశారనో బ్యాటరీ తీశారనో అనుకోవాలి.

కిలోమీటర్ల మీటర్ మాట నేను పట్టించుకోను. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో చూస్తాను. 40 వేలు తిరిగిన బండికి పెడల్ నున్నగా అరగదు. కంపెనీ సర్వీస్ చేయించామంటే, ఓనరును వెంటపెట్టుకుని ఆ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి పాత బిల్లుల్లో కిలోమీటర్లు చూడాలి. మన ఊళ్ళో క్యాబ్‌గా తిరిగి, తర్వాత తెల్ల నంబర్ ప్లేటుకు మార్చిన డీజిల్ బండ్లు కూడా అమ్మకానికి వస్తాయి. ఇక టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడి బాగున్నా ఐదారేళ్ళు దాటిన టైర్లుంటే కొత్త సెట్టు ఖర్చు ధరలో తగ్గించమనండి.

కాగితాల దగ్గరే మనవాళ్ళు ఎక్కువ దెబ్బతింటున్నారు. ఏపీ నంబరుతో ఉన్న హైదరాబాద్ బండ్లు 2014 జూన్‌కు ముందువి. వాటిలో కొన్నింటికి ఇప్పటికే పదిహేనేళ్ళు నిండాయి, మిగతావి ఆ దారిలోనే ఉన్నాయి. గడువు దాటితే ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కారుకు ఆ ఫీజును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. ఢిల్లీ బండ్లు చవగ్గా దొరకడానికి కారణం ఉంది. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లకు ఆంక్షలు పెట్టారు కాబట్టి అమ్మేస్తున్నారు. ఇక్కడ రిజిస్టర్ చేయించాలంటే అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కావాలి, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అదంతా కలిపితే ఇక్కడి బండి ధరే అవుతుంది చాలాసార్లు. చలాన్లు పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టి చూసుకోవచ్చు. లోన్ ఉన్న బండి అయితే బ్యాంకు ఎన్ఓసీ, లోన్ తీరిందని ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

"29, 30 ఫారాల మీద ఓనర్ సంతకాలు పెట్టించి ఇస్తా, మీరు ఎప్పుడైనా మార్పించుకోండి" అంటారు. ఓనరు పేరు మార్చడానికి ఇచ్చే ఫారాలవి. సెలవు అయిపోతోందని మనవాళ్ళు సరే అంటారు. మా రూంలో ఉండే జగిత్యాల తమ్ముడు వాట్సాప్ వీడియోలో చూసి వాళ్ళ నాన్న కోసం అలాగే కొన్నాడు. చిన్న యాక్సిడెంట్ అయ్యాక, ఆర్‌సీలో, ఇన్సూరెన్స్‌లో పాత ఓనరు పేరే ఉండటంతో క్లెయిమ్ రాలేదు. ఆ ఓనరు ఫోన్ కూడా ఎత్తలేదు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి ఫోన్ చేసి, నాన్నకు ఏం చెప్పాలో తెలియక కూర్చున్న వాడి ముఖం నాకింకా గుర్తుంది. అమ్మేవాడికీ ఇది ప్రమాదమే. బండి ఎవరి చేతిలో ఉన్నా, ఆర్‌సీలో పేరున్నవాడిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. ఈ మాట చెప్తే నిజాయితీ గల ఓనరు మీతో ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసుకు తానే వస్తాడు.

బండిని ఇక్కడే ఉండి నడిపేవాళ్ళ పేరున కొనండి. మీ పేరున కొంటే, రేపు ఏ సంతకం కావాలన్నా మీరు విమానం ఎక్కి రావాలి. ఆర్టీఏ స్లాట్ డబ్బు ఇచ్చిన వారంలోనే పెట్టుకోండి, ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లోపు కొత్త పేరుకు మార్పించండి. కొత్త ఆర్‌సీ కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది, అందుకే పగటిపూట మనిషి ఉండే ఇంటి అడ్రసే రాయించండి.