మెల్లగా తొక్కితే ఫిట్‌నెస్ పెరుగుతుందా?

కృష్ణా కరకట్ట మీద కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా సైకిల్ తొక్కే ఆదివారం రైడ్ వల్ల ఒంటికి లాభం ఉంది. ఈ మాట గట్టిగానే చెప్తాను. మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కుర్రాడు ఈమధ్యే గేర్ల సైకిల్ కొని, "మేడమ్, చెమట కూడా సరిగ్గా పట్టకపోతే ఇంక ఏం ఎక్సర్‌సైజ్?" అని అడిగాడు. చాలామందికి ఉన్న అనుమానమే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను జువాలజీ లెక్చరర్‌ని. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా గురించి డిగ్రీ పిల్లలకు ఏటా చెప్పే పాఠమే ఇక్కడా పనికొస్తుంది. తీరిగ్గా తొక్కేటప్పుడు తొడల్లో ఎక్కువగా పనిచేసేవి నెమ్మది రకం కండర తంతువులు. అవి కొవ్వును బాగా వాడుకుంటాయి. వారాల తరబడి వాటికి పని పడితే మైటోకాండ్రియా పెరుగుతాయి, తంతువుల చుట్టూ రక్తకేశనాళికలు, అంటే వెంట్రుకల్లాంటి సన్నని రక్తనాళాలు, అల్లుకుంటాయి. గుండె కూడా ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది.

1967లో జాన్ హాలోజీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియా సామర్థ్యం దాదాపు రెట్టింపైందని చూపించాడు. అయితే ఆ ఎలుకలు షికారుకు వెళ్లలేదు, గట్టిగానే పరిగెత్తాయి. అందుకే ఆ ఫలితాన్ని మెల్లగా తొక్కే రైడ్‌కి నేను అంటగట్టను. వేగం తగ్గించినప్పుడు ఆ లోటు ఎక్కువసేపు తొక్కి పూడ్చుకోవాలి. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహల దాకా వెళ్లి, ఫొటో దిగి, ఇడ్లీ తిని తిరిగొస్తే కొత్తవాళ్లకు మేలే. ఏళ్లుగా తొక్కుతున్నవాళ్ల కాళ్లకు మాత్రం అది ఆనదు. వాళ్లు కనీసం గంటన్నర, రెండు గంటలు ఆగకుండా తొక్కాలి.

అసలు చిక్కు ఎక్కడంటే, మెల్లగా అని బయల్దేరి ఎవరూ మెల్లగా తొక్కరు. కరకట్ట ఎక్కి కాస్త ముందుకెళ్లేసరికి నది మీంచి ఎదురుగాలి మొదలవుతుంది. అందరూ హ్యాండిల్ మీదికి వంగుతారు. మాటలు ఆగిపోయి చైన్ల చప్పుడు, ఊపిరి చప్పుడే మిగులుతాయి. అక్కడ నేను గేరు రెండు మెట్లు దించేస్తాను, ముందు వెళ్లేవాళ్లను వెళ్లనిస్తాను. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, అదొక్కటే కొలత. ముక్కలు ముక్కలుగా మాట వస్తోందంటే అది ఈజీ రైడ్ కాదు. అలాగని గట్టి రైడూ కాదు. అలసట మిగులుతుంది, దానికి తగ్గ ఫలితం ఉండదు.

మన ఎండల్లో స్పీడ్ చూసుకుని తొక్కడం అస్సలు వద్దు. చెమటతో నీరు పోయి రక్త పరిమాణం తగ్గుతుంది, అదే వేగానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. జనవరిలో హాయిగా అనిపించిన వేగం మేలో ప్రాణం తీస్తుంది.

నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు, మేటి ఎండ్యూరెన్స్ (చాలాసేపు సాగే పోటీల) క్రీడాకారుల ట్రైనింగ్ సెషన్లలో సుమారు 80 శాతం తేలికగానే సాగుతాయని గమనించాడు. ఈ అంకెను మా రైడర్లు తెగ చెప్పుకుంటారు. కానీ ఆ క్రీడాకారులు వారానికి సాధన చేసే గంటలెక్కడ, ఉద్యోగం చేసుకుంటూ మనం తొక్కే గంటలెక్కడ! వాళ్ల మిగతా 20 శాతం చాలా కఠినంగా ఉంటుంది, అది మర్చిపోకూడదు. అందుకే వారంలో ఒక రోజు నాలుగు నిమిషాలు మాట రానంత గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగు విడతలు తొక్కమంటాను. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే. గుంటూరు వాళ్లకు కొండవీడు ఘాట్ ఉంది, కరకట్ట మీద మనకు ఎదురుగాలే ఘాట్.

ఫిట్‌నెస్ పెరిగిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. అదే రోడ్డు మీద, అదే హార్ట్ రేట్ దగ్గర మీ వేగం ఎంతో రాసిపెట్టుకుని, మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. పోల్చేటప్పుడు గాలి, ఎండ రెండు రోజులూ ఇంచుమించు ఒకేలా ఉండాలి.