మళ్లీ కిడ్నీ కోసం

ఈరోజు కూడా క్రాస్‌మ్యాచ్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. అంటే, దాత కణాలపై దాడి చేసే యాంటీబాడీలు నా రక్తంలో ముందే ఉన్నాయి. మొదటిసారి అమర్చిన కిడ్నీ తొమ్మిదేళ్లు నన్ను బతికించింది. దాని కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులను నా శరీరం ఇంకా మరచిపోలేదు. ఎక్కించుకున్న రక్తం, రెండు కాన్పులు కూడా ఇందుకు కారణాలేనట. నా పీఆర్‌ఏ, అంటే ఎంత శాతం దాతలకు వ్యతిరేకంగా నా రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో చెప్పే లెక్క, 96 శాతం. వందమంది దాతల్లో సరిపడేది దాదాపు నలుగురే, అదీ రక్తం గ్రూపు కలిస్తే.

1969లో పరిశోధకులు పటేల్, తెరసాకి ప్రచురించిన లెక్క చదివాను: క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ ఉన్నా కిడ్నీ అమర్చిన 30 మందిలో 24 మందికి అది వెంటనే విఫలమైంది. అందుకే వద్దన్న డాక్టరు మీద కోపం లేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. రేపు ఉదయం డయాలసిస్.